మూడో తరగతి మొదటి టర్మ్: బడి తెరిచిన రోజు నుంచి దసరా సెలవుల దాకా ఎలా నడపాలి

కొత్తగా ఎస్జీటీగా (ప్రాథమిక బడిలో సెకండరీ గ్రేడ్ టీచరుగా) చేరారు. మూడో తరగతి మీ చేతికొచ్చింది. పుస్తకాలు వచ్చాయి, టీచింగ్ డైరీ ఇచ్చారు, ఎఫ్‌ఏ-1 (మొదటి ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే టర్మ్ మధ్యలో వేసే మార్కులు) ఎప్పుడో చెప్పారు. ఇక రోజూ పిల్లలతో ఏం చేయాలన్నది మాత్రం మీకే వదిలేశారు. అదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. తెలంగాణ సర్కారు బడుల లెక్కన రాస్తున్నా గానీ, ఆంధ్రలో పనిచేసేవాళ్లు పరీక్షల పేర్లు, తేదీలు మార్చుకుంటే మిగతాదంతా దాదాపు ఇంతే. నాలుగు, ఐదు తరగతులు కూడా మీ గదిలోనే ఉంటే, చాలాచోట్ల ఉంటాయి కూడా, దానికి తగ్గ సర్దుబాటు మధ్యలో చెప్తాను.

ముందే ఒక మాట. టర్మ్ అంతా కొత్త కొత్త యాక్టివిటీల కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. యూట్యూబ్ తెరిస్తే వందలు దొరుకుతాయి. ఒక్కోటి ఒక్కరోజు చేసి వదిలేస్తే వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఫొటోలు వస్తాయి, అంతే. ఐదారు పనులు ఎంచుకోండి. వాటినే ప్రతివారం అదే రోజు, అదే పద్ధతిలో చేయించండి. నెల తిరక్కముందే "సార్, ఇయ్యాల శనివారం, బాలసభ పెట్టలేదు" అని పిల్లలే మిమ్మల్ని నిలదీస్తారు. అక్కడికి వచ్చిందంటే మీ పని సగం తేలికైనట్టే.

మొదట రోజులు లెక్కపెట్టండి

విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. కాగితం మీద ఉంటాయి కూడా. 2025 సంగతే చూడండి. జూన్ 12న బడి తెరిచారు, సెప్టెంబరు 21 నుంచి దసరా సెలవులు. మధ్యలో ఆదివారాలు, రెండో శనివారాలు, బోనాలు, పంద్రాగస్టు, కృష్ణాష్టమి, వినాయక చవితి, మిలాద్-ఉన్-నబీ తీసేస్తే 80 రోజులు అటూ ఇటూగా మిగులుతాయి. అందులోంచి బడిబాట అని పిల్లలను బడిలో చేర్పించడానికి ఇల్లిల్లూ తిరిగే రోజులు, ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులు, ట్రైనింగులు, వాన ఎక్కువై కలెక్టర్ ఇచ్చే సెలవులు, నులిపురుగుల మాత్రలు వేసే రోజు, మొక్కలు నాటే రోజు కూడా తీసేయండి. నిండుగా పాఠం చెప్పగలిగే రోజులు 60 దొరికితే అదృష్టం.

కాబట్టి ప్లాను 60 రోజులకే వేయండి. పాత క్యాలెండరు వెనక వైపు నాలుగు నెలలూ గీసి, సెలవులు ఎర్రగా, సగం రోజే మిగిలేవి పసుపుగా రంగు వేసి గోడకు అంటించండి. ఇంకో రంగు కూడా కావాలి: వరినాట్లు. జూలై, ఆగస్టు నెలల్లో నాట్లు ముమ్మరంగా పడే రెండు మూడు వారాలు తల్లులు పొద్దున్నే కూలికి పోతారు. చంటిపిల్లను చూసుకోవడానికి ఎనిమిదేళ్ల ఆడపిల్లను ఇంటి దగ్గర ఉంచేస్తారు. ఆ వారాల్లో కొత్త పాఠం మొదలుపెడితే సగం తరగతికి అది అందదు. పునశ్చరణ, ఆటలు, ప్రాజెక్టులు ఆ వారాల్లో పెట్టుకోండి. మీ ఊళ్లో నాట్లు ఎప్పుడు పడతాయో వంట చేసే అక్కను అడిగితే వారంతో సహా చెప్తుంది.

మొదటి పది రోజులు పాఠం జోలికి పోవద్దు

సిలబస్ వెనకబడుతుందని భయపడకండి. ఈ పది రోజుల్లో మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఎవరికి ఎంతవరకు చదవడం వచ్చు, ఎంతవరకు లెక్క వచ్చు.

ఊళ్లల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును చూసే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. అంటే మీ గదిలో మూడో తరగతి పుస్తకం తెరిస్తే, అది అందుకోగలిగే పిల్లలు నలుగురిలో ఒకరు. మిగతావాళ్లు పక్కవాడి వేలు ఎక్కడుందో చూసి పేజీ తిప్పుతారు. అందరూ గట్టిగా కలిసి చదివేటప్పుడు ఇది అసలు బయటపడదు. వినీ వినీ పాఠం నోటికొచ్చేసి ఉంటుంది. పుస్తకం మూయించి, ఆ పాఠంలోదే ఒక వాక్యం బోర్డు మీద రాసి చూపిస్తే తెలుస్తుంది.

పరీక్షలాగా కాకుండా ఇలా చేయండి. మిగతా పిల్లలకు బొమ్మ గీసే పని ఇచ్చి, ఒక మూల కూర్చుని ఒక్కొక్కరిని పిలవండి. దగ్గర ఒక కాగితం ఉంచుకోండి. దానిమీద పది అక్షరాలు, పది మాటలు (సగం ఒత్తులు లేనివి, సగం ఉన్నవి), నాలుగు చిన్న వాక్యాల పేరా, పది వాక్యాల కథ. పేరాతో మొదలుపెట్టండి. సాఫీగా చదివితే కథకు పొండి, ఆగిపోతే మాటలకు దిగండి, అక్కడా ఆగితే అక్షరాలకు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. తప్పు చదివినా సరిదిద్దకండి, మొహం చిట్లించకండి, "ఊఁ, ఇంకా" అనండి చాలు. పేర్లు నాలుగు గడుల్లో పెన్సిల్‌తో రాసుకోండి. టర్మ్ పొడవునా అవి గడులు మారాలి కాబట్టి పెన్సిల్.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలనీ, 9999 వరకు అంకెలు చదవడం, రాయడం రావాలనీ ఉంది. గడియారం పట్టుకుని 60 కోసం పరుగెత్తించొద్దని నా సలహా. తెలుగులో ఒక్కో మాట ఎంత పొడవుంటుందో మీకు తెలియంది కాదు. "వెళ్లిపోతున్నారట" అన్నది ఒక్క మాటే. ఆగకుండా చదివి, చదివింది తన మాటల్లో చెప్పగలిగితే వేగం దానంతటదే వస్తుంది.

తెలుగు గంట: మూడు గుంపులు

ఆ నాలుగు గడులనే మూడు గుంపులుగా కుదించుకోండి: అక్షరాల దగ్గరున్నవాళ్లు, మాటల దగ్గరున్నవాళ్లు, పేరా దాటినవాళ్లు. గుంపులకు పూల పేర్లో పిట్టల పేర్లో పెట్టండి గానీ ఏ, బీ, సీ అని మాత్రం పెట్టొద్దు. పిల్లలు రెండో రోజుకే కనిపెట్టేస్తారు.

రోజూ ఒక గంట. మొదటి పావుగంట అందరికీ కలిపి మీరే ఒక కథ చదివి వినిపించండి. చెప్పడం కాదు, పుస్తకం చేతిలో పట్టుకుని వేలు పెట్టి చదవడం. తరవాతి అరగంట గుంపుల పని. చివరి పావుగంట రాత: రోజుకు రెండే వాక్యాలు, నిన్న ఇంట్లో ఏం జరిగిందో. దిద్దేటప్పుడు ఒక్కో వారం ఒక్క సంగతే చూడండి. ఈవారం దీర్ఘాలు అనుకుంటే దీర్ఘాలే. కాగితం నిండా ఎర్ర గీతలు పడ్డాయంటే మర్నాడు ఆ పిల్లాడు మూడు మాటలు రాసి ఊరుకుంటాడు.

అక్షరాల గుంపులో మీకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. "కుక్క" అని చూపిస్తే పిల్ల "కకు కొమ్మిస్తే కు, కకు కావొత్తిస్తే క్క" అని గుణింతం వల్లిస్తుంది. అంతా సరిగ్గానే చెప్తుంది. చివర్లో "మొత్తం ఏం మాట?" అంటే మాత్రం తెల్లమొహం వేస్తుంది. గుణింతం వచ్చు, చదవడం రాదు. దీనికి మందు ఇంకో నాలుగుసార్లు గుణింతం రాయించడం కాదు. విడగొట్టి చెప్పడం ఆపించి, "కు" అన్న అక్షరాన్ని ఒకే ముక్కగా పలికించండి. కు, గు, తు, పు, ము అని కొమ్ములన్నీ ఒక వరసలో కార్డుల మీద రాసి చకచకా మార్చి చూపిస్తూ, తరవాత వాటితోనే మాటలు కట్టండి: కుడుము, పులుపు, గుడుగుడు. వారంలో తేడా కనిపిస్తుంది.

ఇంకో చవకైన సాధనం పిల్లల పేర్లు. ఒక్కొక్కరి పేరు అట్టముక్క మీద రాసి బల్లమీద పరవండి. పొద్దున రాగానే ఎవరి పేరు వాళ్లు వెతుక్కుని డబ్బాలో వేయాలి. బల్లమీద మిగిలినవి రానివాళ్ల పేర్లు. రెండు వారాల తరవాత నియమం మార్చండి: తన పేరు కాదు, స్నేహితుడి పేరు వెతికి వేయాలి. హాజరూ అయింది, చదవడమూ అయింది. మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నా ఇది నడుస్తుంది.

మాటల గుంపుకు అసలు గండం ఒత్తులు. గ, డ, ద, ప లాంటివాటి ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి కాబట్టి పిల్లలు పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు. అక్కడే తడబడతారు. అదృష్టం ఏమిటంటే అవి ఉన్న మాటలన్నీ ఇంట్లోవే: అత్త, అన్న, అమ్మ, అయ్య, బర్రె, పిల్ల. ఈ ఆరు మాటలూ ఆరు కార్డుల మీద రాసి ఒత్తును ఎర్ర స్కెచ్‌తో దిద్దండి. రోజుకొకటి. ఆ ఒత్తున్న ఇంకో మూడు మాటలు పిల్లలే ఇంటినుంచి తేవాలి. మీరు వద్దన్నా తిట్లు కూడా తెస్తారు. నవ్వేసి పక్కన పెట్టండి.

పేరా దాటినవాళ్లకు పుస్తకాల అలమర తాళం తీసి ఇవ్వండి. చాలా బడుల్లో లైబ్రరీ పుస్తకాలు చిరుగుతాయన్న భయంతో బీరువాలోనే ఉంటాయి. చిరగనివ్వండి. చదివాక ఒక్క ప్రశ్న తయారుచేసి పక్కవాణ్ని అడగాలి. అదే వాళ్ల పని.

ఒకే గదిలో 3, 4, 5 ఉన్నవాళ్లు ఈ గంటకు తరగతుల గోడలు తీసేయండి. ఐదో తరగతిలోనూ ఒత్తుల దగ్గర ఆగినవాళ్లు ఉంటారు. వాళ్లనూ ఆ గుంపులోనే కూర్చోబెట్టండి. బాగా చదివే ఐదో తరగతి పిల్లలను చిన్నవాళ్లకు చెప్పమనొచ్చు, వారానికి రెండు రోజులకు మించి మాత్రం వద్దు. వాళ్లకూ చదువుంది.

నాలుగు వారాలకోసారి మళ్లీ ఆ కాగితం తీసి ఒక్కొక్కరినీ చదివించి పేర్లు జరపండి. ఎవరూ కదల్లేదంటే తప్పు గుంపులో లేదు, గుంపుకు ఇచ్చిన పనిలో ఉంది.

లెక్కలు: సున్నా దగ్గర కొన్నాళ్లు ఆగండి

"నూట ఐదు రాయండి" అని చెప్పి నోటుబుక్కులు చూడండి. 1005 అని రాసినవాళ్లు తప్పకుండా ఉంటారు. వంద అంటే 100, దాని పక్కన 5. చెవికి ఎలా వినపడిందో అలా రాశారు, అందులో తర్కం ఉంది. "తప్పు, 105" అని కొట్టేస్తే రేపు 304 దగ్గర మళ్లీ 3004 రాస్తారు.

దీనికి కార్డులు చేయండి. మందపాటి పాత క్యాలెండరు షీటు చాలు. 1 నుంచి 9 వరకు ఒక గడి వెడల్పు, 10, 20 నుంచి 90 వరకు రెండు గడులు, 100 నుంచి 900 వరకు మూడు గడులు, 1000 నుంచి 9000 వరకు నాలుగు గడులు. గడి అన్నిటికీ ఒకే కొలత ఉండాలి, అంకెలు ఒకే సైజులో ఉండాలి. మొత్తం 36 కార్డులు. ఇప్పుడు "నూట ఐదు" అంటే పిల్ల 100 కార్డు తీసి, దానిమీద 5 కార్డును కుడి అంచుకు అంచు కలిపి పెడుతుంది. చివరి సున్నా 5 కింద దాక్కుంటుంది. కనిపించేది 105. కార్డు ఎత్తి చూపిస్తే "సార్, సున్న లోపల్నే ఉంది" అని వాళ్లే అంటారు. నలుగురికి ఒక సెట్టు చొప్పున చేయండి. ఒక శనివారం సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. పెద్ద పిల్లలు కత్తిరించి పెడతారు.

తీసివేతలోనూ ఇలాంటిదే ఒకటుంది. 52లోంచి 27 తీసేయమంటే 35 అంటారు. 2లోంచి 7 పోదు కదా, అందుకని 7లోంచి 2 తీసేస్తారు. ఈనె చీపురు పుల్లలు విరిచి పదేసి రబ్బరుబ్యాండు వేయండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతిలో పెట్టి "ఇరవై ఏడు నాకివ్వు" అనండి. రెండు కట్టలు ఇస్తుంది, విడివి ఏడు కావాలి, రెండే ఉన్నాయి. కాసేపు చూసి ఒక కట్ట విప్పుతుంది. ఆ విప్పడం తన చేతులతో పదిసార్లు చేశాకే బోర్డు మీద 5 కొట్టేసి 4 వేయడం నేర్పండి. అప్పు తెచ్చుకోవడం అన్న మాట కంటే కట్ట విప్పడం అన్న మాట పిల్లలకు బాగా పడుతుంది.

రోజువారీ లెక్కకు పుస్తకం అక్కర్లేదు. హాజరు అయ్యాక: తరగతిలో ఎంతమంది, ఎంతమంది రాలేదు, వచ్చినవాళ్లెంతమంది? మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజున: బడి మొత్తం 64 మంది వచ్చారు, ట్రేకు 30 గుడ్లు, ఎన్ని ట్రేలు తెప్పించాలి, ఎన్ని మిగులుతాయి? ఈ లెక్క చేసిన జవాబు చీటీని వంటగదికి పంపించండి. నిజంగా పనికొచ్చే లెక్క తప్పు చేయకూడదని పిల్లలు రెండుసార్లు సరిచూసుకుంటారు.

నాట్ల వారాల్లో అష్టాచెమ్మా పెట్టండి. నేలమీద ఐదు అడ్డం, ఐదు నిలువు గడులు, నాలుగు గవ్వలు. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతగింజలు. ఒక నియమం కలపండి: రెండుసార్లు వేసి రెండూ కూడి అన్ని గడులు జరపాలి. పదిహేను నిమిషాల్లో ఒక్కో పిల్లాడు ఎన్ని కూడికలు చేస్తాడో పక్కన నిలబడి చూడండి.

ఇంగ్లిషు గురించి రెండు ముక్కలే. ఈ టర్మ్‌లో నోటి మాట మీద పెట్టండి. రోజూ పది ఆజ్ఞలు, అవి విని పిల్లలు చేయాలి, తరవాత వాళ్లలో ఒకరు ఆజ్ఞలివ్వాలి. స్పెల్లింగులు దసరా తరవాత చూసుకోవచ్చు.

పరిసరాలు: ఒక్క ప్రాజెక్టు, వానాకాలమంతా

పరిసరాల విజ్ఞానానికి నెలకో మోడల్ చేయించే బదులు వానను కొలిపించండి. బడి తెరిచే రోజులకే నైరుతి ఋతుపవనాలు వస్తాయి, టర్మ్ అయ్యేదాకా ఉంటాయి. ఇంతకంటే కుదిరిన ప్రాజెక్టు ఉండదు.

నడుము సన్నగా లేని, గోడలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా తీసుకోండి. భుజం దగ్గర అడ్డంగా కోసి, పై ముక్కను మూత తీసేసి తలకిందులుగా అదే సీసాలో గరాటులా బిగించండి. కోయడం మీరే చేయండి. అడుగున గులకరాళ్లు వేస్తే గాలికి పడదు. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి గోడ నిటారుగా మొదలయ్యేచోటిదాకా నీళ్లు పోయండి. ఆ మట్టమే సున్నా. స్కేలు సున్నా గీతను అక్కడికి తెచ్చి పారదర్శక టేపుతో అంటించండి. చెట్టు కింద కాకుండా, చూరు నీళ్లు పడని చోట, ఆవరణ మధ్యలో పెట్టండి. మేకలు రాకుండా చుట్టూ నాలుగు ఇటుకలు.

రోజూ ప్రార్థన కాగానే ఇద్దరు పిల్లలు వెళ్లి చూడాలి. కన్ను నీటి మట్టానికి సమంగా వంచి చూడాలని నేర్పండి, పైనుంచి చూస్తే తేడా వస్తుంది. ఎన్ని మిల్లీమీటర్లో రాసి, నీళ్లను మళ్లీ సున్నా దాకా వంపేయాలి. ఎండకు మట్టం తగ్గితే నింపాలి. వాతావరణ శాఖ కూడా పొద్దున 8:30కు చూసి గత 24 గంటల వాన లెక్క రాస్తుందని చెప్పండి. మీ పిల్లలు 9 గంటల ప్రాంతంలో అదే పని చేస్తున్నారు.

గోడమీద గళ్ల చార్టు. ఒక గడి 5 మిల్లీమీటర్లు. రోజుకొక నిలువు పట్టీ నీలం రంగుతో. వాన లేనిరోజు సున్నా రాయాల్సిందే, వదిలేయడం కుదరదు. వారాంతంలో కూడిక: ఈవారం మొత్తం ఎంత? పోయినవారం కంటే ఎంత ఎక్కువ? రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటారు. ఆ ఎత్తున ఎర్ర గీత గీయండి, దశాంశాలు తెలియవు కాబట్టి 65 అని చెప్పండి. మర్నాడు పేపర్లో మీ మండలం వానపాతం పడితే కత్తిరించి పక్కన అంటించండి. రెండూ ఒకటే ఉండవు. ఎందుకుండవని పిల్లలు అడుగుతారు. అక్కడినుంచి పాఠం దానంతటదే నడుస్తుంది: ఊరికీ ఊరికీ వాన తేడా, చెరువు ఎప్పుడు నిండింది, నాన్న విత్తనం ఎప్పుడు వేశాడు, తాత చిన్నప్పుడు ఎలా ఉండేది. తాతలను అడిగి రాసుకురమ్మంటే నాలుగు ప్రశ్నలకు మించి ఇవ్వకండి.

సెప్టెంబరులో దీనికి పూలను జోడించవచ్చు. బతుకమ్మ దగ్గరికొచ్చేసరికి తంగేడు, గునుగు విరగబూస్తాయి. ఒక పట్టిక గీయండి: పువ్వు పేరు, రంగు, ఎవరైనా నాటిందా తనంతట మొలిచిందా, ఎక్కడ దొరికింది, పేరు ఎవరు చెప్పారు. బంతి, చామంతి, గుమ్మడి నాటినవి. తంగేడు, గునుగు ఎవరూ నాటనివి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అని పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన పిల్లలు ఆ కొమ్మ చేత్తో పట్టుకుని చూడాలి. తామరలాంటి నీటి పూలను మాత్రం లిస్టులోంచి తీసేయండి. ఆ కాలంలో చెరువులు నిండి ఉంటాయి, ఒక్క పిల్లాడు కూడా పువ్వు కోసం నీళ్లలోకి దిగకూడదు. ఇది బోర్డు మీద రాయడం చాలదు, తల్లులకు కూడా చెప్పండి.

శనివారం పిల్లలది

శనివారం చివరి రెండు పీరియడ్లు బాలసభ. మీరు వెనక కూర్చోండి. అధ్యక్షురాలు, పేర్లు పిలిచేవాడు, టైము చూసేవాడు, అందరూ పిల్లలే, వారం వారం మారతారు. ఒక కథ, ఒక పద్యం, రెండు పొడుపుకథలు, వారంలో ఊళ్లో జరిగిన ఒక వార్త, వాన లెక్క. చివర్లో ఒక తగువు: ఈవారం ఎవరైనా ఎవరితోనైనా గొడవపడితే ఇద్దరూ చెప్పుకుంటారు, తీర్పు సభది. మొదటి రెండుసార్లు గోలగా ఉంటుంది, నలుగురే మాట్లాడతారు. పేర్ల కార్డుల డబ్బాలోంచి చీటీ తీసే పద్ధతి పెడితే నోరు విప్పనివాళ్ల వంతు కూడా వస్తుంది. వంతు వచ్చి మాట్లాడలేకపోతే "వచ్చేవారం" అని పక్కన పెట్టొచ్చు, రెండోసారి మాత్రం పక్కవాళ్ల సాయంతోనైనా ఒక వాక్యం చెప్పాలి.

ఆ రోజు చెప్పినవాటిలో మంచివి రెండు మూడు కాగితం మీద రాసి గోడపత్రికకు. అక్షరదోషాలు మీరు దిద్ది మళ్లీ రాయించకండి, ఆ పిల్ల రాసింది రాసినట్టే అంటించండి.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఇలాంటి రోజులకు ప్రత్యేకంగా ఉపన్యాసాలు రాసిచ్చి బట్టీ పట్టించే బదులు ఆ వారం బాలసభనే వాటికి ఇచ్చేయండి. తాత నోట, నానమ్మ నోట వినే మాటలు, పుస్తకంలో లేనివి, ఒక్కొక్కరు మూడు తేవాలి. అదే చార్టు.

ఎఫ్‌ఏ మార్కులు: వేరే పని పెట్టుకోవద్దు

ఎఫ్‌ఏలో నాలుగు అంశాలు: పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు 10, రాత అంశాలు 10, ప్రాజెక్టు పని 10, లఘు పరీక్ష (స్లిప్ టెస్టు) 20. ఈ మధ్య ఏళ్లలో ఎఫ్‌ఏ-1 జూలై చివరికి, ఎఫ్‌ఏ-2 సెప్టెంబరు చివరికి పూర్తిచేయమంటున్నారు. చాలామంది చివరి మూడు రోజుల్లో ప్రాజెక్టు షీట్లు కొనిపించి, అన్నలతో అక్కలతో బొమ్మలు అంటించి తెప్పించుకుని మార్కులు వేసేస్తారు. మీకు ఆ అవసరం లేదు. రోజూ రాసిన రెండు వాక్యాల నోటుబుక్కే రాత అంశం. వాన చార్టు, పూల పట్టిక ప్రాజెక్టు. బాలసభలో, గుంపుల్లో చూసింది భాగస్వామ్యం. కొత్తగా పెట్టాల్సింది స్లిప్ టెస్టు ఒక్కటే.

దీనికి ఒక చిన్న నోటుబుక్కు కావాలి. పిల్లకు ఒక పేజీ. రోజూ అందరి గురించీ రాయడం ఎవరివల్లా కాదు, రోజుకు నలుగురి గురించి ఒక్కో వాక్యం రాయండి. "బాగా చదువుతోంది" అని రాస్తే నెల తరవాత మీకే ఏమీ గుర్తుకు రాదు. "బర్రె, గొర్రె చదివింది, కర్ర దగ్గర ఆగింది" అని రాయండి. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు వచ్చి రికార్డులు అడిగినా ఆ పుస్తకం చూపిస్తే చాలావరకు మాట సులువవుతుంది.

ఇంటివాళ్లతో

డైరీలో రాసి పంపే నోట్లు చాలా ఇళ్లలో ఎవరూ చదవరు. వాట్సాప్ గ్రూపులో రాత సందేశం కంటే అరనిమిషం వాయిస్ మెసేజ్ మేలు, కూలినుంచి వచ్చాక వింటారు. అయితే ఒక్క పిల్లాడి సంగతి ఎప్పుడూ గ్రూపులో పెట్టొద్దు, అది ఆ తల్లికి ఫోన్ చేసి చెప్పేది. మొదటి ఫోను ఫిర్యాదు కోసం కాకూడదు. జూన్‌లోనే ఏదో ఒక మంచి సంగతి చెప్పడానికి చేయండి. నాట్లప్పుడు "అమ్మా, పాపను పంపండి" అని అడగడానికి అప్పుడు మీకు మొహం ఉంటుంది. చంటిపిల్లను చూసేవాళ్లు లేకే పాప ఆగిపోతోందంటే అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడండి. ఆ చంటిపిల్లకు మూడేళ్లు నిండి ఉంటే అక్కడ కూర్చోబెట్టుకునే వీలుంటుంది.

వారం పది రోజులు రాక మళ్లీ వచ్చిన పిల్లను ఆ రోజు పాఠంలో కూర్చోబెట్టకండి. ముందు ఒక జోడీని ఇవ్వండి. ఆ జోడీ పిల్ల, ఏమేం చేశారో తన నోటుబుక్కు చూపించి చెప్తుంది. మీరు సాయంత్రం పది నిమిషాలు చూసుకుంటే చాలు.

చివరి వారం

ఎస్‌ఏ-1 (మొదటి సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే టర్మ్ పరీక్ష) ఈమధ్య దసరా తరవాత అక్టోబరులో పెడుతున్నారు. సెలవుల్లో చదివేస్తారని ఆశ పెట్టుకోకండి. చివరి వారంలో కొత్తది ఏదీ వద్దు. సోమ, మంగళ వారాల్లో చదివే కాగితం మళ్లీ తీయండి. జూన్‌లో ఏ గడిలో ఉన్నారో, ఇప్పుడెక్కడున్నారో పక్కపక్కన రాసుకోండి. ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నవాళ్ల పేర్లు వేరే కాగితం మీద. అక్టోబరు మొదటి వారం మీ సమయం ముందు వాళ్లది.

బుధ, గురువారాల్లో వాన చార్టు లెక్క తేల్చండి: ఏ నెలలో ఎక్కువ, ఎన్ని రోజులు సున్నా, ఎర్ర గీత ఎన్నిసార్లు దాటింది. ఆఖరి పనిదినం ఎలాగూ బతుకమ్మది. పిల్లలు తెచ్చిన పూలు పేర్చడానికి ముందు ఒక్కో రకం నుంచి ఒక్కో పువ్వు తీసి పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టేయండి. సెలవులయ్యాక అట్టకు అంటించి పేర్లు రాయడానికి పనికొస్తాయి.

సెలవుల హోంవర్కు పేజీలకు పేజీలు ఇవ్వకండి. రోజుకు రెండు వాక్యాలు, అంతే. బస్సు టికెట్టు, కిరాణా చీటీ, పండగ పిండివంటల లిస్టు లాంటివి ఏవైనా నాలుగు తెచ్చి నోటుబుక్కులో అంటించమనండి, అక్టోబరులో లెక్కలకు వాడుకోవచ్చు.

తాళం వేసేముందు గది చూసుకోండి. సుద్దముక్కలు, కార్డుల సెట్లు, పుల్లల కట్టలు మూత ఉన్న డబ్బాలో వేయండి. ఎలుకలు రబ్బరుబ్యాండ్లను కూడా వదలవు. చార్టులు గోడ నుంచి తీసి చుట్టి బీరువా పైన పెట్టండి, లేకపోతే వానకు గోడ చెమ్మ పట్టి రంగులన్నీ కారిపోతాయి. సీసా బయటే ఉండనివ్వండి. బడి దగ్గర్లో ఇల్లున్న ఇద్దరు పిల్లలకు సెలవుల్లో రీడింగు తీసే వంతు, ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి పంపండి.